మీ పాట గడప దాటాలంటే...

పేరంటంలో "వదినగారూ, ఒక్క హారతి పాడండి" అని అందరూ మిమ్మల్నే అడుగుతారా? అయితే ఈ నాలుగు మాటలూ మీ కోసమే. పెళ్లయ్యాక చాలామంది ఆడవాళ్ల పాట పూజగది దాటి రాదు. ఒకప్పుడు క్యాసెట్ వేయించాలంటే బోలెడు డబ్బు కావాలి. ఇప్పుడు చేతిలో సెల్‌ఫోన్ ఉంటే చాలు.

తూర్పు గోదావరి జిల్లా వడిశలేరులో కూలి పనులు చేసుకునే పసల బేబి గారు 2018లో 'ప్రేమికుడు' సినిమా పాట ఒకటి పాడితే, ఆ వీడియో ఊరూరా తిరిగింది. సంగీత దర్శకుడు కోటి గారు పిలిచి ఆమెచేత పాడించారు. అంతటి అదృష్టం అందరి తలుపూ తట్టదనుకోండి. మనం ఓపికనే నమ్ముకోవాలి.

రికార్డింగ్ ఇంట్లోనే

ఫ్యాను, ఫ్రిజ్జు చప్పుడు లేని గది చూసుకోండి. ఖాళీ గదిలో గొంతు గింగురుమంటుంది. పరుపు, దుప్పట్లు, చీరల బీరువా ఉన్న పడకగది మేలు. ఫోన్ మూరెడు దూరంలో పెట్టి, కాల్స్ రాకుండా ఫ్లైట్ మోడ్‌లో ఉంచండి. ముఖం కనిపించడం ఇంట్లోవాళ్లకు ఇష్టం లేదా? ముగ్గు వేస్తున్న మీ చేతుల్నే చూపించండి. వినేది పాటనే కదా!

ఏ పాట పాడాలి?

ఇక్కడ జాగ్రత్త అవసరం. మన దేశంలో రాసినవారు, స్వరపరిచినవారు పోయాక కూడా 60 ఏళ్ల వరకు హక్కులుంటాయి. సినిమా పాట మీరే పాడినా కంపెనీవాళ్లు హక్కు అడగొచ్చు, ప్రకటనల డబ్బు వాళ్లకే పోవచ్చు. కరోకే ట్రాకూ ఒకరి సొత్తే. త్యాగరాజ కీర్తనలకు ఆ బెంగ లేదు. అన్నమయ్య సాహిత్యం అందరిదీ. కానీ ఇప్పుడు వినిపించే చాలా బాణీలు నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటి ఈ కాలపు పెద్దలు కట్టినవి. అన్నిటికంటే మేలు మీ అమ్మమ్మ నేర్పిన జోలపాటలు, పెళ్లిపాటలు, దంపుళ్ల పాటలు. ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాయడం మాత్రం మరవకండి.

ఎప్పుడు, ఎలా?

వరలక్ష్మీ వ్రతం పాట వ్రతం నాటి సాయంత్రం పెడితే ఏం లాభం? రెండు వారాల ముందే పెట్టండి. బతుకమ్మ, ధనుర్మాసం పాటలూ అంతే. "నా కొత్త పాట" అని కాకుండా "గౌరీదేవి మంగళహారతి" అని పేరు పెడితేనే వెతికేవాళ్లకు దొరుకుతుంది. యూట్యూబ్ షార్ట్స్‌లో 2024 అక్టోబరు నుంచి మూడు నిమిషాల వరకు పెట్టుకోవచ్చు. అందులో ఒక చరణం వినిపించి, పూర్తి పాటకు దారి చూపండి. వారానికి ఒక్కటైనా సరే, క్రమం తప్పకూడదు.

2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు, అక్కడే అన్నీ పెట్టుకున్నవాళ్ల అభిమానులు ఒక్క రాత్రిలో చెదిరిపోయారు. అందుకే ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లలో కూడా పెట్టండి. అసలు రికార్డింగులు విడిగా దాచుకోండి.

డబ్బు మాట

యూట్యూబ్ మామూలు వీడియోల ప్రకటనల్లో వాటా ఇవ్వాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. అంటే నాలుగు నిమిషాల పాటను 60,000 సార్లు పూర్తిగా వినాలన్నమాట! దీన్ని నమ్ముకుని చీటీ కట్టకండి. "ఇంత పంపితే వెయ్యిమందిని చేర్పిస్తాం" అనేవాళ్లకు పైసా ఇవ్వకండి. దొంగ లెక్కలని తేలితే ఛానలే పోతుంది.

పిచ్చి వ్యాఖ్యలు వస్తాయేమోనని భయమా? మీరు చూసి సరేనన్నాకే కనబడేలా సెట్టింగ్ ఉంది, పెట్టుకోండి. ఇంటి చిరునామా, పిల్లల స్కూలు యూనిఫారం వీడియోలో పడనివ్వకండి.

మొదటి నెలలో ఇరవై మందే విన్నారనుకోండి, దిగులుపడకండి. అందులో దుబాయ్‌లోనో డల్లాస్‌లోనో పాపను పడుకోబెట్టలేక అవస్థపడుతున్న ఓ తెలుగు తల్లి ఉండొచ్చు. ఆమెకు మీ జోలపాట దొరికితే, ఆ పాట ఇంకో తరం బతికినట్టే కదా!