నీటి యెద్దడియందు పప్పుజాతి పైరుల తీరు

మనూరు ప్రాంతపు రైతు సోదరులు రేగడి చేలలో కంది, శనగలను, పెరళ్లలో చిక్కుడు, అలసందలను తరతరములుగ పండించుచున్నారు. వాన వెనుకబట్టినప్పుడు చిక్కుడు, అలసంద మొక్కలు మధ్యాహ్నవేళ ఆకులను ఎండకు అంచుగా త్రిప్పికొని తల వాల్చును. దానిని జూచి పైరు చచ్చినదని నిరాశ చెందరాదు. అప్పుడు మొక్క తన్ను తాను కాపాడుకొనుచుండును.

నేల ఆఱినకొలది మొక్కలో ఆబ్సిసిక్ ఆమ్లమను పదార్థము పెరుగును. వాడిన గోధుమ ఆకులలో ఇది వృద్ధియగునని 1969లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. చిక్కుడు జాతులందును ఇట్లే జరుగును. దీని ప్రభావముచే ఆకులందలి సూక్ష్మరంధ్రములు మూసికొని, నీరు ఆవిరియై పోవుట తగ్గును.

ఉప్పు వేసిన మామిడిముక్కనుండి నీరూరుట మన మెఱిగినదే. చిక్కని రసము నీటిని తనవైపునకు లాగుకొనును. అట్లే మొక్కయు తన కణములందు ప్రోలీనను పదార్థమును, చక్కెరలను చేర్చికొని, ఉన్న కొలది నీటిని నిలుపుకొనును.

అయినను ఈ పొదుపువలన నష్టమును గలదు. రంధ్రములు మూసిన ఆకులోనికి బొగ్గుపులుసు గాలి చాలినంత చేరదు, ఆహారము తగ్గును. వేరుబుడిపెలు నత్రజనిని కూర్చుట మందగించును. పోషణ చాలక పూత, పిందె రాలును. మొక్క బ్రతికినను గింజ దక్కదు.

కావున వాడుటను వేళనుబట్టి గుర్తింపవలెను. సాయంకాలమునకు తేఱుకొన్న మొక్కకు ఇంకను ఓపిక గలదు. తెల్లవాఱినను తల యెత్తనిచో వేళ్లచెంత తేమ తీఱినదని యెఱుగవలెను.

శనగకు నీటి వసతి గలవారు పూతకు ముందొకసారియు, కాయలో గింజ యూరునపు డొకసారియు తేలికగ తడుపవలెను. నిండుపూతలో నీరు పారించినచో ఆకు పెరిగి కాపు తగ్గును. వసతి లేనివారు పైరు చిన్నదిగ నున్నప్పుడే సాళ్లనడుమ గుంటక తోలి, కలుపు తీసి, నెఱ్ఱెలు పూడ్చిన తేమ నిలుచును. మన జిల్లాలోని పటాన్‌చెరులో 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థ కంది, శనగలపై పరిశోధనలు చేయుచున్నది. వెనుక వాన లేని చేలకు త్వరగా పండు రకములను ఎన్నుకొనుట మేలు.

బావినీరు చాలనియెడల, సంఘసభ్యులు కూడి, ఎవరి చేను మొగ్గ తొడుగుచున్నదో చూచి ముందుగ వారికి వంతు నిచ్చుకొనవలెను. సకాలమున అందిన ఒక్క తడి, కాలము మించిన మూడు తడులకంటె ఎక్కువ గింజ నిచ్చును.