సిక్కింది, సిక్కుకుంటిమి

మాలో ఒకడు తెలుగు పరీక్షలో "సంతలో మంచి పెన్ను చిక్కింది" అని రాశాడు. ఆ మాటకు ఎర్ర సిరాతో సున్న చుట్టి, పక్కన "దొరికింది" అని దిద్ది ఇచ్చారు. తప్పు ఎక్కడుందో తెలుసుకుందామని కూర్చున్నాము. పట్టుకోవడానికి, పట్టుబడటానికి మన భాషలో ఎన్ని మాటలున్నాయో అప్పుడు తెలిసింది.

మొదట సాధనాల సంగతి. వలను పరుస్తారు, లేదా విసురుతారు. గాలానికి ఎర కావాలి. బోను నోరు తెరుచుకుని ఉంటుంది, ఎలుక లోపలికి పోగానే తలుపు పడుతుంది. ఉచ్చు తీరు వేరు. అందులో పడినది ఎంత గుంజుకుంటే ముడి అంత బిగుస్తుంది. అందుకే కేసులో ఇరుక్కున్నవాడి మెడకు "ఉచ్చు బిగుస్తోంది" అంటారు గాని, వల బిగుస్తోంది అనరు. లంచం తీసుకుంటూ దొరికిన ఉద్యోగిని పత్రికలవారు "ఏసీబీ వలలో చేప" అని రాస్తారు. అక్కడ ఎర రసాయనం పూసిన నోట్లే. వాటిని ముట్టిన చేతులు ద్రావణంలో ముంచితే గులాబి రంగు వస్తుంది. ఇక కోర్టులో ముద్దాయికీ బోనే, ఏ పాపమూ ఎరుగని సాక్షికీ బోనే!

చట్టానికి కూడా ఈ మాటలతో పని పడింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట అంటే చంపడం ఒక్కటే కాదు. ఉచ్చు వేయడం, ఎర పెట్టడం, తరమడం, చివరకు ఆ ప్రయత్నం చేయడం కూడా వేటే. మన చేలలో పడి మేసే కృష్ణజింకల వల్ల రైతుకు జరిగే నష్టం నిజమే. అయినా వాటికి ఉచ్చు పెడితే, ఏదీ పడకపోయినా నేరమే.

ఇప్పుడు అసలు మాటకు వద్దాము. పుస్తకాల తెలుగులో చిక్కు అంటే ఎక్కువగా కష్టం, ముడి. జుట్టు చిక్కు పడుతుంది, లెక్క చిక్కుగా ఉంటుంది. జ్వరం వచ్చి లేచినవాడు చిక్కిపోతాడు. (చిక్కిన మనిషి సన్నగా ఉంటే, చిక్కని మజ్జిగ గట్టిగా ఉంటుంది. హాస్టలు పిల్లలకు మొదటిదే బాగా తెలుసు.) మన ఆలూరులో మాత్రం పోయిన గొర్రె సిక్కుతుంది, బస్సులో సీటు సిక్కుతుంది. కన్నడంలోనూ "సిక్కితు" అంటే దొరికింది అనే అర్థం. ఆలూరు, ఆదోని తాలూకాలు 1953 వరకు బళ్ళారి జిల్లాలోనివి. ఆ ఏడాది ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. జిల్లా మారినంత మాత్రాన నాలుక మారదు కదా. కాబట్టి మా మిత్రుడు రాసినది తప్పు కాదు, మన ఊరి మాట అని మా అభిప్రాయం.

అయితే ఈ మాటకు ఇంకో ముఖం ఉంది. పంటలు చేతికి రాని ఏడు మన పల్లెలు సుగ్గికి పోతాయి. సుగ్గి అంటే కన్నడంలో కోతల కాలం, మనకేమో గుంటూరు వైపు మిరప, పత్తి పనులకు వలస. "పని సిక్కింది" అని సంతోషంగా మూటలు కట్టుకుంటారు. ముందుగా మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, అది తీరేదాకా వదిలి రాలేనివాళ్ళు అదే మాటను తిప్పి "సిక్కుకుంటిమి" అంటారు. మొదటి మాటలో పని మనకు సిక్కింది. రెండో మాటలో మనమే పనికి సిక్కినాము. అప్పు పేరుతో మనిషిని కట్టిపడేసి చాకిరీ చేయించుకోవడం 1976 నాటి చట్టం ప్రకారం నేరం. అటువంటి అప్పు చెల్లదని కూడా ఆ చట్టమే చెబుతుంది. ఈ సంగతి ఇంట్లో చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్ళం మనమే.

మా మిత్రుడు తర్వాతి పరీక్షలో "దొరికింది" అనే రాసి మార్కు తెచ్చుకున్నాడు. సంక్రాంతి సెలవులకు పోయేటప్పుడు వాళ్ళ అమ్మా నాన్నా ఇంకా సుగ్గిలోనే ఉన్నారు. స్టాండు నుండి వాళ్ళ అవ్వకు ఫోను చేసి, "అవ్వా, బస్సు సిక్కింది, పొద్దుగూకేలోపు వస్తా" అన్నాడు.