కడలి బురదలోని నులిపురుగులు

మామిడికి పేరొందిన నూజివీడు సీమలో ముసునూరు మండలము కలదు. అచటి బలివే గ్రామము ప్రక్కగా తమ్మిలేరు ప్రవహించును. వానకాలమున ఆ యేరు తోటల మట్టిని కలుపుకొని కొల్లేటిలో చేరును. ఆ మట్టిలో కొంత ఉప్పుటేరు వెంట బంగాళాఖాతమునకు పోయి, కడలి యడుగున పేరుకొనును. ఆ బురదయందు కంటికి కానరాని ప్రాణిలోకమొకటి కలదు. అందు సాధారణముగా నులిపురుగుల సంఖ్యయే అధికము.

నులిపురుగులనగానే విద్యార్థులకు కడుపునొప్పియు, బడిలో మ్రింగించు మాత్రయు జ్ఞప్తికి వచ్చును. రైతునకు వంగమొక్కల వేళ్లపై లేచు బుడిపెలు తోచును. కాని నులిపురుగులన్నియు ఇట్టివి కావు. సముద్రపు బురదలోని అనేక జాతులు మరియొక ప్రాణి శరీరము నాశ్రయింపక స్వేచ్ఛగా జీవించుచున్నవి. వీని పొడవు చాలవరకు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. ఒక చదరపు మీటరు బురదలో ఇవి లక్షలకొలది యుండును.

వీని జాతులను నమోదు చేయుట ఓర్పుతో కూడిన పని. పడవనుండి గొట్టమును దింపి బురదను పైకి తీయుదురు. చెడకుండుటకై ఫార్మలిన్ కలుపుదురు. రోజ్ బెంగాల్ అను రంగు వేసినచో ప్రాణులు ఎఱ్ఱబారి సులభముగా కనబడును. పిదప మిల్లీమీటరులో పదునాఱవ వంతు రంధ్రములు గల జల్లెడలో బురదను కడుగుదురు. జల్లెడపై మిగిలిన పురుగులను ఒక్కొక్కటిగా ఏఱి, గ్లిజరినులో నుంచి, సూక్ష్మదర్శినితో పరీక్షించి బొమ్మలు గీయుదురు.

చూపునకు ఒక్కతీరుగా దోచు ఈ పురుగుల భేదము నోటియందు బయటపడును. 1953లో వీజర్ అను శాస్త్రజ్ఞుడు నోటినిబట్టి వీనిని నాలుగు తరగతులుగా విభజించెను. పండ్లు లేని చిన్ననోటివి బాక్టీరియాను, పెద్దనోటివి బురదలోని రేణువులను తినును. చిన్నపండ్లు గలవి సూక్ష్మమైన నాచును గీకి తినును. పెద్దపండ్లు గలవి తోటి ప్రాణులను వేటాడును.

నాటి తూర్పు పాకిస్తానులోని ఢాకా నగరపు నోటర్ డామ్ కళాశాలలో బోధించిన రిచర్డ్ టిమ్ అను క్రైస్తవ గురువు 1961లో బంగాళాఖాతపు నులిపురుగులను గూర్చి వ్రాసెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు చెందిన పి. ఎన్. గణపతి, జి. చంద్రశేఖరరావు అను ఇరువురు వాల్తేరు తీరమున ఇసుకరేణువుల నడుమ జీవించు సూక్ష్మప్రాణులను పరిశోధించి, 1962లో ఫలితములను ప్రకటించిరి.

ఇంత శ్రమ యెందులకు? ఈ పురుగులు పుట్టుట మొదలు చచ్చువఱకు బురదనే అంటిపెట్టుకొని యుండును, చేపలవలె పారిపోజాలవు. ఓడల నూనెయు, కర్మాగారముల వ్యర్థములును చేరినచోట సుకుమారమైన జాతులు నశించి, కొన్ని మొండిజాతులే ప్రబలును. అప్పుడు పురుగుల సంఖ్య తగ్గకపోవచ్చును. తగ్గునది జాతుల వైవిధ్యము. కనుక లెక్క ఒక్కటియే చాలదు, జాతుల పట్టిక కావలయును.

తన తోటలో చిన్నరసములెన్ని, బంగినపల్లులెన్ని, కలెక్టరు మామిళ్లెన్ని అని వ్రాసియుంచుకొన్న రైతునకు గాలివాన వెలసిన పిమ్మట ఏ రకము ఎంత పోయినదో తెలియును. వ్రాయనివానికి చెట్లు కూలినవని మాత్రమే తెలియును. కడలి సంగతియు నిట్టిదే. నిన్నటి పట్టిక లేనిచో నేటి నష్టమును గుర్తింపజాలము; గుర్తింపని నష్టమును సరిదిద్దుట యెవ్వరికిని సాధ్యము కాదు.