నిప్పు కట్టించిన వంటశాల

ఇంగ్లండులోని ప్రభువుల పల్లెటూరి భవనాలను గురించి వ్రాసేవారు విందుశాలలను, చిత్రపటాలను, పూలతోటలను వర్ణిస్తారు. ఆ విందు వండినదెవరు, ఎక్కడ నిలబడి వండినారు అన్న సంగతి మాత్రం చాలామంది ఎత్తరు. ఆ సంగతి తెలుసుకోగోరేవారు కార్న్‌వాల్ సీమలో, బోడ్మిన్ పట్టణానికి సమీపాన ఉన్న లాన్‌హైడ్రాక్ భవనాన్ని చూడాలి.

ఇది రాబర్ట్స్ వంశీయులు 17వ శతాబ్దంలో కట్టించిన రాతి భవనం. 1881 ఏప్రిల్ 4వ తేదీన వంటశాల పొగగొట్టంలో నిప్పు అంటుకున్నది. ఆనాడు గాలి ఉధృతంగా వీస్తున్నది. చూస్తూండగానే మంటలు ఇంటిలో చాలాభాగాన్ని మ్రింగివేసినవి. వృద్ధురాలైన ఇంటి యజమానురాలిని మేడమీది కిటికీలోనుంచి నిచ్చెనపై దింపినారు. ప్రాణం దక్కిందనుకున్నారు గాని, కొద్దిరోజులకే ఆమె కన్నుమూసింది. మరుసటి సంవత్సరం ఆమె భర్త కూడా గతించినాడు. ఉత్తరపు భాగంలోని 116 అడుగుల పొడవైన దివాణం, ముందరి ద్వారమండపం మాత్రం మిగిలినవి.

కుమారుడు తల్లిదండ్రుల ఇంటిని తిరిగి లేవనెత్తదలచినాడు. ఆడంబరం లేని కుటుంబ గృహమైతే చాలునన్నాడు. లిస్కర్డ్‌కు చెందిన రిచర్డ్ కోడ్ అనే వాస్తుశిల్పికి పని అప్పగించినాడు. 1885 నాటికి ఇల్లు పూర్తి అయినది. బయటినుంచి చూస్తే పాత ఇంటి రూపమే. లోపల మాత్రం అడుగడుగునా అగ్నిభయం కనిపిస్తుంది. అంతస్తుల నడుమ నిప్పుకు లొంగని కాంక్రీటు కప్పులు వేసినారు. మంటలార్పడానికి నీటిగొట్టాలు అమర్చినారు.

కొత్త వంటశాల కళాశాల సభామండపంలాగా ఎత్తైనది. వేడి, ఆవిరి పైకిపోవడానికి కప్పు దగ్గర కిటికీలు పెట్టినారు. మాంసం కాల్చే పెద్ద పొయ్యి ఒకవైపు. దాని చుట్టూ ఏ పనికి ఆ గది: అంట్లు తోమడానికొకటి, రొట్టెలు కాల్చడానికొకటి, పిండివంటలకొకటి. పాలగది చూడముచ్చటైనది. కొండమీది ఊటనీరు చలువరాతి, పలకరాతి బల్లల చుట్టూ కాలువలలో పారుతూ పాలను, మీగడను చల్లగా ఉంచేది. మంచుపెట్టెలు ఇంటింటా లేని రోజులవి గదా!

ఇట్టి జాగ్రత్త ఇంగ్లండులో కొత్తది కాదు. ససెక్స్‌లోని పెట్‌వర్త్ భవనంలో వంటశాలను ఇంటినుంచి విడదీసి వేరే కట్టడంలో పెట్టినారు. వండిన పదార్థాలను సొరంగ మార్గంలో మోసుకొనిపోయేవారు. నిప్పు, పొగ, వాసన యజమానుల దరికి రాకూడదని ఒక ఉద్దేశం. పనివారు వారి కంటబడకూడదన్నది రెండవ ఉద్దేశం. అందుకే విక్టోరియా రాణి కాలపు ఇళ్లలో పనివారికి వేరే నడవలు, వేరే మెట్లు. ఒకే కప్పు క్రింద రెండు లోకాలు! మోసే దూరం పెరిగేకొద్దీ కాళ్లు నొచ్చింది ఎవరికో వేరే చెప్పనక్కరలేదు.

ఆ ఏర్పాటు ఎక్కువకాలం నిలువలేదు. ఈ వంశానికి వారసుడైన థామస్ ఆగర్-రాబర్ట్స్ 1915లో లూస్ యుద్ధంలో హతుడైనాడు. యుద్ధానంతరం దేశమంతటా ఇంటిపనికి వచ్చేవారు తగ్గిపోయినారు. 1953లో కుటుంబంవారు లాన్‌హైడ్రాక్‌ను నేషనల్ ట్రస్టుకు అప్పగించినారు.

నేడు అక్కడికి పోయేవారు పెద్దగదులను చూచినట్లే వంటశాలనూ చూస్తారు. ఒకనాడు అతిథుల కంటబడరాదని దాచిన భాగమే ఇప్పుడు చూడదగిన వస్తువైనది. రాగిపాత్రలు, పొయ్యి, పాలగది బల్లలు ఉన్నవి. అక్కడ చెమటోడ్చినవారిలో అనేకుల పేర్లు మాత్రం మనకు తెలియవు. ఆ ఎత్తైన కప్పు క్రింద నిలబడినప్పుడు, ఆ ఇంటి వైభవాన్ని నిలబెట్టిన చేతులు ఏవో తప్పక తెలిసివస్తుంది.