కంప్యూటర్ మొరాయిస్తే ఫార్మాటే గతా?

అడంగల్ నకలు కోసం పొద్దున బస్సుకు మండల కేంద్రానికి వచ్చిన రైతు సాయంత్రం బస్సుకు ఉత్త చేతులతో తిరిగిపోవడం కర్నూలు, కడప పల్లెలకు కొత్త కాదు. 1984లో కరణాల వ్యవస్థ రద్దు కాకముందు కరణం దొరక్క తిరిగిపోయేవాడు. ఇప్పుడు కంప్యూటర్ పలకడం లేదని తిరిగిపోతున్నాడు.

చాలాసార్లు కారణం చిన్నదే. ప్రోగ్రాం తెరవగానే తెర మీద ఒక పెట్టె వస్తుంది. 'వీసీరన్‌టైమ్140.డీఎల్‌ఎల్ దొరకలేదు' అనో, 'ఎంఎస్‌వీసీఆర్100.డీఎల్‌ఎల్ లేదు' అనో అందులో ఇంగ్లీషులో ఉంటుంది. సెంటర్ కుర్రాడు చదవకుండానే ఓకే నొక్కుతాడు. మళ్లీ తెరుస్తాడు. మళ్లీ అదే పెట్టె. చివరకు మెకానిక్‌కు ఫోన్ చేస్తే 'ఫార్మాట్ కొట్టాల, వేరే దావ లేదు' అంటాడు. ఫార్మాట్ అంటే ఉన్నదంతా తుడిచి విండోస్ మళ్లీ ఎక్కించడం. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు. డీటీపీ దుకాణమైతే ఏళ్ల తరబడి కొట్టిన పెళ్లి పత్రికలు, కరపత్రాలు దాంతోనే పోతాయి.

ఉమ్మడి బావి తగాదా

డీఎల్‌ఎల్ అంటే ఏమిటో తెలిస్తే సగం భయం పోతుంది. అన్నదమ్ముల పొలాలకు ఉమ్మడి బావి ఉండేది. ఎవరి మోట వారిది, నీళ్లు మాత్రం అందరికీ ఆ బావిలోనివే. విండోస్‌లోనూ అంతే. ఫైలు తెరవడం, అక్షరం చూపడం, కాగితం ప్రింటరుకు పంపడం వంటి పనులు ప్రతి ప్రోగ్రామూ సొంతంగా పెట్టుకోదు. అందరికీ పనికొచ్చే ఫైళ్లు ఒకచోట ఉంటాయి, కావలసినప్పుడు పిలుచుకుంటారు. అవే డీఎల్‌ఎల్ ఫైళ్లు. ఒకటి మాయమైతే దాన్ని నమ్ముకున్న ప్రోగ్రాములన్నీ ఆగుతాయి.

బావి తగాదాలు ఇక్కడా ఉన్నాయి. 1990ల్లో కొత్త ప్రోగ్రాం ఎక్కిస్తే అది ఉమ్మడి ఫైలు తీసేసి తన రకం పెట్టేది. పాత ప్రోగ్రాములు కూలేవి. ఒకరు గిలక మారిస్తే మిగతావారి మోకు పట్టనట్టు. 'డీఎల్‌ఎల్ నరకం' అని అప్పటి ఇంజనీర్లు దీనికి పేరు పెట్టారు. విండోస్ 2000 నుంచి ముఖ్యమైన ఫైళ్లకు కాపలా పెట్టారు. తగాదా తగ్గింది, పోలేదు.

పెట్టెలోని పేరే ఆధారం

పెట్టెలో కనిపించే పేరును రాసుకోవాలి, లేదా సెల్‌ఫోనుతో ఫొటో తీయాలి. ఎంఎస్‌వీసీఆర్ పక్కన 100 ఉంటే విజువల్ సీ ప్లస్ ప్లస్ 2010 మూట లేదని అర్థం. 110 అయితే 2012ది, 120 అయితే 2013ది. వీసీరన్‌టైమ్, ఎంఎస్‌వీసీపీ పేర్లలో 140 అని వస్తే 2015 తర్వాతది. 'రీడిస్ట్రిబ్యూటబుల్' అనే ఈ మూటలను మైక్రోసాఫ్ట్ తన సైటులో ఉచితంగానే ఇస్తుంది. ఎక్స్86, ఎక్స్64 అని రెండు రకాలు. యంత్రం 64 బిట్‌ది అయినా రెండూ ఎక్కించాలి, పాత ప్రోగ్రాములు చాలావరకు 32 బిట్‌వే గనుక. 64 ఒక్కటే ఎక్కించి 'ఎక్కించినా పోలేదు' అనేవారే ఎక్కువ.

విండోస్ 7 యంత్రాల్లో 'ఏపీఐ-ఎంఎస్-విన్-సీఆర్‌టీ' అని మొదలయ్యే పొడుగాటి పేరు వస్తే, దానికి కేబీ2999226 అనే అప్‌డేట్ కావాలి. విండోస్ 10లో అది ముందే ఉంది.

లేని ఫైలు ఒక్కదాన్నే గూగుల్‌లో వెతికి ఏదో సైటు నుంచి దించుకోవడం మాత్రం వద్దు. అందులో ఏముందో దించేవాడికి తెలియదు. ఆ యంత్రంలోనేమో ఊళ్లో సగం మంది ఆధార్ కాపీలు, బ్యాంకు పాసుపుస్తకాల కాపీలు ఉంటాయి. పైగా చోటు మారితే ఆ ఫైలు పని చేయదు. 64 బిట్ విండోస్‌లో సిస్టం32 అనే ఫోల్డరులో 64 బిట్ ఫైళ్లు, సిస్‌వావ్64 అనే దానిలో 32 బిట్ ఫైళ్లు ఉంటాయి. అవును, తారుమారే. పెద్ద చదువుల వారు పెట్టిన పేర్లు! తప్పు చోట వేస్తే 'ఫైలు లేదు' అన్నది పోయి 0ఎక్స్‌సి000007బి అనే కొత్త తిట్టు మొదలవుతుంది.

మూట ఎక్కించినా కూలుతుంటే విండోస్ సొంత ఫైలే చెడి ఉండవచ్చు. యూపీఎస్ బ్యాటరీ చచ్చిన దుకాణంలో అప్‌డేట్ ఎక్కుతుండగా కరెంటు పోతే ఇలాంటిది జరుగుతుంది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఎస్‌ఎఫ్‌సీ, ఒక ఖాళీ, ఏటవాలు గీత, స్కాన్‌నౌ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే విండోస్ తన ఫైళ్లు తానే సరిచూసుకుని చెడినవి మార్చుకుంటుంది. తన వల్ల కాలేదని చెబితే, విండోస్ 8 తర్వాతి వాటిలో 'డిజం' అనే ఆజ్ఞతో 'రిస్టోర్‌హెల్త్' చేయించి, ఎస్‌ఎఫ్‌సీని మళ్లీ నడపాలి. మధ్యలో ఆపకూడదు. టీ తాగి రావచ్చు.

పెట్టె రాకుండానే ప్రోగ్రాం మూసుకుపోతే ఈవెంట్ వ్యూయర్‌లో 'ఫాల్టింగ్ మాడ్యూల్' అనే వరుస చూడాలి. అక్కడ ఎన్‌టీడీఎల్‌ఎల్ అని ఉన్నంతమాత్రాన అదే దోషి కాదు. తప్పిపోయిన ఎద్దు ఎవరి చేలో దొరికితే వారే తోలుకెళ్లారనలేం కదా. ప్రింటర్ డ్రైవరు, యాంటీవైరస్, ప్రోగ్రాం లోపం... ఏదైనా కావచ్చు. యాంటీవైరస్ మంచి ఫైలునే దొంగ అనుకుని బంధించడమూ ఉంది. దాని క్వారంటైన్ జాబితా చూడాలి.

ఇది పల్లె సెంటర్ల జబ్బే కాదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీ పంపిన ఒక తప్పు ఫైలుతో ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు కూలాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అది డీఎల్‌ఎల్ కాదు గానీ, విరుగుడు చూడండి: సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ ఒక్క ఫైలు తీసేయడం. ఫార్మాట్ కాదు.

హార్డ్ డిస్కు పాడైనా, వైరస్ ముదిరినా ఫార్మాట్ తప్పకపోవచ్చు. విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగిసింది గనుక కొత్త విండోస్‌కు మారాల్సిన యంత్రాలూ ఉన్నాయి. అప్పుడైనా డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు, తెలుగు ఫాంట్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, మరో యంత్రంలో తెరిచి చూశాకే మెకానిక్ చేతికి ఇవ్వాలి. పంట బీమాకో, ఉపకార వేతనానికో గడువు ఆ రోజే అయితే వచ్చినవారిని బెంచీ మీద కూర్చోబెట్టకుండా, బస్సు వెళ్లిపోకముందే పక్క సెంటర్‌కు పంపాలి.