తామ్వే బరిలో రెండు నిమిషాలు

మొన్న ఆదివారం సాయంత్రం తామ్వేలో లెత్‌వే పోటీలు చూచి వచ్చాము. కోడి రామమూర్తిగారి కథలు వింటూ పెరిగిన మనకు బరి అంటే మోజు ఎక్కువే గదా! అయితే ఇది పట్లు పట్టే కుస్తీ కాదు. చేతులకు తొడుగులుండవు, గాజ్ కట్టు మాత్రమే. పిడికిలి, మోచెయ్యి, మోకాలు, పాదం సరే, తలతో కుమ్మడం కూడా చెల్లుతుంది. మూడేసి నిమిషాల రౌండ్లు 5. పాత పద్ధతిలో మార్కులు లేవు. ఇద్దరూ చివరిదాకా నిలబడితే పోటీ సమం.

మొదటి రెండు జతలు సమంగానే ముగిశాయి. మూడవ జత రక్తి కట్టింది. ఎర్ర లాగు కుర్రవాడు మోచేతి దెబ్బకు పడిపోయి కళ్లు తేలవేశాడు. ఇక్కడి ఆచారం ప్రకారం అతని వాళ్లు రెండు నిమిషాల విరామం కోరారు. నీళ్లు చల్లి, లేపి నిలబెట్టారు. అతడు తిరిగి వెళ్లి, ప్రత్యర్థిని తలతో కుమ్మి పడగొట్టాడు! జనంతోపాటు మేమూ లేచి చప్పట్లు కొట్టాము. తర్వాత సిగ్గుపడ్డాము.

వైద్యులం కనుక ఒక మాట. స్పృహ తప్పిన మెదడు రెండు నిమిషాల్లో కుదుటపడదు. అటువంటివాణ్ణి ఆ రోజు మళ్లీ ఆడనివ్వరాదని 2012లో జ్యూరిక్‌లో కూడిన నిపుణులు తేల్చారు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆడిన చా బ న్యేన్‌గారు లెత్‌వేకు నియమాలు కూర్చారు. 2017లో మొదలైన వరల్డ్ లెత్‌వే ఛాంపియన్‌షిప్ ఈ విరామాన్ని తీసివేసింది. అంటే నియమాలు మారరానివి కావు.

మన పిల్లలూ బరి ఎక్కుతామంటున్నారు. వద్దంటే వినరు. ఆ రెండు నిమిషాలు మాత్రం అడగవద్దని వారి గురువుగారితో ముందే చెప్పుకోండి. పోతే ఒక పోటీ పోతుంది, అంతే.