తెరుచుకోని ల్యాప్‌టాప్‌కు పెన్‌డ్రైవ్ ఎందుకు?

ఆదోని పత్తి మార్కెట్‌లో ఓ కమీషన్ ఏజెంటు దుకాణం అనుకోండి. తూకాల లెక్కలున్న చిన్న ల్యాప్‌టాప్ ఆన్ అవుతుంది గానీ విండోస్ తెరుచుకోదు. బ్యాకప్ వేరే డిస్క్‌లో భద్రంగానే ఉంది. మరి మధ్యలో పెన్‌డ్రైవ్ ఎందుకు?

నడుస్తున్న విండోస్ తన డిస్క్‌ను తానే తుడిచి మళ్లీ రాసుకోలేదు. ఎమ్మిగనూరు నేతగాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు, ఆడుతున్న మగ్గాన్ని ఎవరూ విప్పరు. ఇక్కడైతే విండోస్ అసలు తెరుచుకోవడమే లేదు. అందుకే పని బయటినుంచి జరగాలి.

స్విచ్ నొక్కగానే ముందు లేచేది విండోస్ కాదు, బోర్డు మీది చిప్‌లో ఉండే యూఈఎఫ్ఐ అనే ప్రోగ్రామ్. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తేల్చేది అదే. ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్, ఇలా కంపెనీని బట్టి ఓ మీట నొక్కితే పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోవచ్చు. అందులోంచి క్లోన్‌జిల్లా ర్యామ్‌లోకి ఎక్కుతుంది. డిస్క్ బ్యాకప్ తీసి, దాన్నే మళ్లీ డిస్క్ మీదికి రాసే ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ తైవాన్‌లో తయారైంది. దీని ఐఎస్ఓ ఫైలును పాటలా కాపీ చేస్తే బూట్ కాదు, రూఫస్ లాంటి ప్రోగ్రామ్‌తో రాయాలి.

అసలు గండం తర్వాతే. తెరమీద డిస్క్‌లకు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి ముక్తసరి పేర్లు కనిపిస్తాయి. పక్కనున్న సైజు చూసి ఎంచుకోండి. తప్పు డిస్క్ ఎంచుకుంటే అందులోనివన్నీ గల్లంతే! క్లోన్‌జిల్లా రెండుసార్లు అడిగేది అందుకే.

బ్యాకప్ తర్వాత ఎక్కించిన తూకాలు మాత్రం రావు. వాటిని చీటీలు చూసి మళ్లీ కొట్టాల్సిందే.